అత్తయ్యకి నూటికి నూరు

మా అత్తగారికి చెముడు. అలాగని ఆవిడ ఎదుట నోరు జారితే మాత్రం అంతే సంగతులు. పెదాలు కదిలితే చాలు, ఆ చివర గదిలో ఉన్నా మాట పట్టేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి గుమ్మంలో నిలబడి, "ఈ ముసలిదానికి ఎంత వేసినా ఉప్పు తక్కువే" అని గొణుక్కున్నాను. "ముసలిదాన్నే, ఉప్పూ తక్కువే" అని వరండాలోంచి జవాబు వచ్చింది. అప్పటినుంచీ ఆవిణ్ణి తిట్టుకోవాలంటే వంటగది గోడకేసి తిరిగి తిట్టుకుంటున్నాను. ఆ గోడకి నోరుంటే నా కాపురం ఏనాడో గంగలో కలిసేది.

ఈ విద్య ఆవిడకి మగ్గాల మిల్లు నేర్పింది. చెముడు తెచ్చిపెట్టిందీ ఆ మిల్లే. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు లేకుండా పెదాలు సాగదీసి మాట్లాడుకుంటారు. ఈ కొస మగ్గానికీ ఆ కొస మగ్గానికీ మధ్య పెళ్ళి సంబంధాలు కుదరడం, చెడడం కూడా అలాగే జరుగుతుంది. నేనూ అక్కడే పని చేస్తాను కాబట్టి నాకూ కాస్త వచ్చు, కానీ ఆవిడ ముందు నేనెంత.

మొన్నామధ్య మిల్లులో కొత్త రూలు వచ్చింది. నిప్పంటుకుంటే మోగే గంట వినపడనివాళ్ళు చెవి మిషను లేకుండా మగ్గం దగ్గర నిలబడకూడదట. చెవులు తినేసిందీ వాళ్ళే, చెవులు తెచ్చుకోమన్నదీ వాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. బజారులో మిషను కొనే స్థోమత మాకు లేదు. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, కాకపోతే చెముడు నిజమేనని అక్కడి డాక్టరు తేల్చాలి. తేల్చకపోతే అత్తయ్య పని పోతుంది. పని పోతే ఇంట్లో కూర్చుని, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా తప్పులన్నీ పోగేసి పెడుతుంది. అది తలుచుకుని నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను.

గోడలకి దూది అతికించిన చిన్న గదిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించారు. అద్దానికి ఇవతల డాక్టరు, మైకు, ఒక నర్సు. ముందు ఈలల పరీక్ష. ఈల వినపడగానే చెయ్యెత్తాలి. ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తలేదు. తరవాత మాటల పరీక్ష. డాక్టరు మైకులో ఒక మాట అంటాడు, ఆవిడ తిరిగి అనాలి. "బండి" అన్నాడు, బండి అంది. "గొడుగు" అన్నాడు, గొడుగు అంది. అద్దంలోంచి ఆయన మూతి మహా చక్కగా కనపడుతోంది మరి.

అత్తయ్య వెలిగిపోతూ బయటికి వచ్చింది. "ఒక్కటి కూడా తప్పలేదే. నూటికి నూరు."

జన్మలో బడి మొహం చూడని మనిషి. ఆ సంబరం చూస్తే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఈలలు వినపడవు, మాటలన్నీ వినపడతాయి. అలాంటి చెముడు ఉండదమ్మా" అన్నాడు డాక్టరు. "ఉచితం అనేసరికి అందరికీ నటన వచ్చేస్తుంది."

"పెదాలు చూసి చెప్పింది సార్."

"రెండు పరీక్షలూ ఒకేలా రావాలి, రూలు అది. వచ్చే వారం ఇంకోసారి చేస్తాం. అప్పుడూ ఇలాగే వస్తే మిషను రాదు."

ఆ వారమంతా నేను ఆవిడకి తప్పడం నేర్పాను. అంతకంటే మగ్గానికి పాట నేర్పడం తేలిక.

"వచ్చిన జవాబు రాదని ఎలా చెప్పనే?"

"కళ్ళు మూసుకోండి అత్తయ్యా."

"మూసుకుంటే నిద్రొస్తుంది."

చివరికి ఒళ్ళో చేతుల వంక చూస్తూ కూర్చోడానికి ఒప్పుకుంది. నోరు మెదపకూడదన్న షరతు మీద నన్ను కూడా ఆ గదిలోనే పక్కన స్టూలు మీద కూర్చోనిచ్చారు. ఈలలు అయ్యాయి. మాటలూ అయ్యాయి. అత్తయ్య తల ఎత్తితే ఒట్టు. గండం గడిచిందనుకున్నాను. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకోవడం చూసి, అయిపోయింది కదా అని ఆవిడ తలెత్తింది. సరిగ్గా అప్పుడే ఆయన నర్సు వైపు తిరిగి ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు, మూతి మాత్రం కనపడింది: "ముసలిది బాగా ప్రాక్టీసు చేసి వచ్చింది. ఆ పక్కదాని మొహం చూడు, దొంగ మొహం."

"ఎవరయ్యా దొంగ?" అని లేచింది అత్తయ్య. "అది నా కోడలు. దాన్ని తిట్టాలంటే నేను తిట్టాలి, మధ్యలో నువ్వెవరు?"

డాక్టరు తలుపు తీసుకుని వచ్చేశాడు. "చూశారా, వినపడింది."

నా ప్రాణం పోయినంత పనైంది. కానీ షరతు అప్పటికే గాలికి పోయింది కాబట్టి నోరు విప్పాను. "మీరన్నది నాకే వినపడలేదు సార్. నా చెవులు రెండూ బాగానే ఉన్నాయి."

వెనకనుంచి నర్సు మెల్లగా అంది. "మైకు ఆపేసే ఉంది సార్. లోపలికి ఏమీ రాదు."

డాక్టరు కాసేపు ఆ దూది గోడల వంక చూశాడు. తరవాత అద్దం అవతలికి వెళ్ళి, మూతికి మాస్కు కట్టుకుని, మైకు వేసి, మాటలన్నీ మొదటినుంచి మళ్ళీ చదివాడు. అత్తయ్య ఈసారి నిజంగా తెల్లమొహం వేసింది. మిషను చేతిలో పెట్టినా ఆవిడ మొహంలో కళ లేదు. "సున్నాయేనా?" అని దారి పొడుగునా అడిగింది.

మిల్లులో అది పెట్టుకుంటే మగ్గాల మోత తప్ప ఇంకేమీ తెలియడం లేదట, గంట సంగతి దేవుడెరుగు. అయినా మిషను చెవికి వేలాడుతోంది కాబట్టి మేనేజరుకి ఏ బెంగా లేదు.

మొదటి రోజు సాయంత్రం నేను గిన్నెలు తోముతూ, అలవాటు కొద్దీ గోడకేసి తిరిగి మొదలుపెట్టాను. కూరలో ఉప్పు లేదట, ఆవిడకి నాలుకే లేదు, ఇంకా చాలా. మధ్యలో మిషను గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆవిడ. చెవి పక్క చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

నేను ఈ ఇంటికి వచ్చేనాటికే ఆవిడకి చెవులు లేవు. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

"నీ గొంతు ఇలా ఉంటుందటే?" అంది. "సన్నగా ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. బొంగురు."

నేను చేతిలో గిన్నె కింద పెట్టాను.

"ఆపావేం? తిట్టు."

ఎంత వెతుక్కున్నా నాకు ఒక్క తిట్టు కూడా గుర్తు రాలేదు.