పాలు పొంగేలోపు

“మరీ ముస్తాబవకు. స్టేజీ మీద ఏమీ తెలియని మనిషిలా కనిపించాలి నువ్వు,” అన్నాడు భర్త, అద్దం ముందు కాలరు సరిచేసుకుంటూ. ఆమె పాలగిన్నె అడుగు తోముతూ సరేనంది. అందులో కష్టమేముంది? పదమూడేళ్లుగా ఈ ఇంట్లో ఆమెకిచ్చిన వేషం అదే.

ఆ సాయంత్రం ఆయనగారి టారో కార్డుల ఆవిష్కరణ. డెబ్బై ఎనిమిది కార్డులు. కలిపి, ఒకటి తీసి, మన మనసులో ఏముందో అందులో చూసుకోవాలట. పెట్టె మీద మూడు మాటలు అచ్చు వేయించాడు: నిరాడంబరం, ఆడ మగ తేడా లేనిది, కొత్తగా నేర్చుకునేవారి కోసం. అవి చదివినప్పుడు ఆమెకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ కార్డులన్నీ గీసింది ఆమె. అత్తగారు మంచాన పడ్డ ఏడాది, పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ఒక్కో కార్డు గీసేది. ఆ కాసేపట్లో ఎన్ని గీతలు పడితే అన్నే. నిరాడంబరమంటే అదీ సంగతి. మొహాలూ, జుట్టూ, బట్టలూ వేసే తీరికెక్కడిది? రాజైనా రాణైనా ఓ గుండ్రం, దాని కింద ఓ నిలువు గీత. ఆడ మగ తేడా అలా ఎగిరిపోయింది. అప్పట్లో భర్త వంటింట్లోకి తొంగిచూసి, “ఈ పిచ్చిగీతలకి కాగితాలు దండగ,” అనేవాడు. అత్తగారైతే “పెన్ను పట్టుకుంటే మా కోడలికి చెవులు వినపడవు,” అంటూ మంచం పక్కన గంట అదేపనిగా వాయించేది. ఒకసారి ఆ మోతకు ఉలిక్కిపడి చెయ్యి జారితే, చంద్రుడి కార్డులో గుండ్రం మధ్య నుంచి కాగితం అంచుదాకా ఓ వంకర గీత పడింది. ఇంకో కాగితం తీసే వ్యవధి లేక అలాగే వదిలేసింది.

అత్తగారు పోయాక అలమర సర్దుతుంటే ఆ కార్డుల కట్ట భర్త కంటపడింది. మర్నాడే ప్రచురణకర్త దగ్గరికి పట్టుకెళ్లాడు. ఎవరి పేరు వేస్తున్నారని ఆమె ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగింది.

“నీ పేరు వేస్తే ఆడమనిషి గీసిందని తెలిసిపోదూ? ఇందులో ఆడ మగ ఉండకూడదనేగా మన తాపత్రయమంతా!”

“మరి మీ పేరు?”

“నేను వేసింది ఇంటిపేరు. ఇంటిపేరుకి ఆడేంటి, మగేంటి?”

పుస్తకాల షాపు పై అంతస్తులో సభ. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె వచ్చినవాళ్లందరికీ టీ అందించి, వెనక వరసలో కూర్చుంది. భర్త చంద్రుడి కార్డు పైకెత్తాడు. “ఈ ఒక్క గీత కోసం మూడు నెలలు ధ్యానం చేశాను. మనిషి లోపలి చీకటి హద్దు దాటే క్షణం ఇది.” ముందు వరసలో ఒకావిడ ఆ మాట గబగబా రాసుకుంది. అత్తగారి గంటకు ఇంత భాగ్యం పడుతుందని ఎవరనుకున్నారు!

“ఇప్పుడు మా ఆవిడని పిలుస్తాను,” అన్నాడు భర్త. “దీనికి అర్థమైందంటే ఇక లోకంలో అర్థం కానివాళ్లే ఉండరు.”

హాలంతా గొల్లున నవ్వింది. ప్రచురణకర్త అయితే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె టీకప్పు కుర్చీ కింద పెట్టి లేచింది. సంచి భుజాన వేసుకుని తిన్నగా స్టేజీ ఎక్కింది.

“ఒక కార్డు తియ్యి. భయపడకు.”

“మీ చేతిలో ఉన్నదే చాలండీ.” ఆమె సంచిలోంచి ఓ తెల్లకాగితం, ఆ కార్డులు గీసిన, మూత నలిగిన పాత పెన్నూ తీసి బల్ల మీద పెట్టింది. “నాకేం తెలీదు కదా, అందుకని అడుగుతున్నా. ఈ చంద్రుణ్ణి ఎలా గీశారో అందరి ముందూ ఒక్కసారి గీసి చూపించండి.”

చప్పట్లు మోగాయి. గోడ దగ్గర ఉన్నవాళ్లు కూడా ముందుకొచ్చి ఫోన్లు పైకెత్తారు. భర్త పెన్ను తీసుకున్నాడు. మొదటి గుండ్రం కలవనే లేదు. రెండోది సొట్టపోయింది. మూడోసారి గీత కాగితం దాటి బల్ల మీదికి పోయింది. చప్పట్లు సన్నగిల్లి ఆగిపోయాయి. ప్రచురణకర్త కళ్లజోడు మళ్లీ పెట్టుకుని వంగి చూశాడు.

“ఇంటికి పద, నీ పని చెప్తా,” అన్నాడు భర్త పళ్ల మధ్య నుంచి.

ఇక ఆ ఇంటికి వెళ్లే ఉద్దేశం ఆమెకు లేదు. ఆ సంగతి అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు. మైకు దగ్గరికి జరిగి, ఆఖరి వరసదాకా వినపడేలా మెత్తగా అంది.

“తొందరేం లేదండీ, నిదానంగా గీయండి. పొయ్యి మీద పాలు పెట్టి రాలేదు.”