తాటిచెట్టాయన

జడ్సన్‌ను మంగళవారం సమాధి చేశారు. శనివారం వచ్చినా అతని చెల్లెలు మెర్లిన్ కంట చుక్క నీరు రాలేదు. వాకాడులో చుట్టపక్కాలు ఈ సంగతి బాగానే పట్టించుకున్నారు. పరామర్శకు వచ్చినవాళ్లు ముందు జడ్సన్ భార్య సలోమి ముఖం చూసి, తర్వాత మెర్లిన్ ముఖం చూసి, బయటికి వెళ్లి చెవులు కొరుక్కున్నారు. చిట్టమూరు హైస్కూల్లో లెక్కల టీచరు కదా, ఏడుపు కూడా లెక్కగానే ఏడుస్తుందని ఒకావిడ అననే అంది. ఆవిడకేం పోయింది, అంటుంది.

నిజానికి మెర్లిన్‌కు ఏడుపే కాదు, ఏదీ రావడం లేదు. ఎవరైనా కాఫీ ఇస్తే తాగుతుంది, పడుకోమంటే పడుకుంటుంది. రొయ్యల చెరువు గట్టున మోటారు బాగుచేస్తూ అన్న గుండె పట్టుకుని కూలబడ్డాడని ఫోను వచ్చినప్పుడు ఆమె ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతోంది. బోర్డు మీదున్న లెక్క పూర్తిచేసి మరీ బయలుదేరింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు.

అసలు చిక్కు ఆదివారంతో వచ్చింది. ఆ రోజు చర్చిలో ఆదరణ కూడిక. పోయిన మనిషి ఇంటివాళ్లు ఒక్కొక్కరే లేచి, మైకు పట్టుకుని, ఆ మనిషి గురించి రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి. తోడబుట్టిన మెర్లిన్‌కు తప్పించుకునే వీల్లేదు. మంచివాడు, ప్రార్థనాపరుడు అనేస్తే సరిపోతుంది, అందరూ ఆమెన్ అంటారు. కానీ జడ్సన్ వెనక బెంచీలో కూర్చుని కునికిపాట్లు పడేవాడని ఊరందరికీ తెలుసు. పైగా అన్నాచెల్లెళ్లు మనసు విప్పి మాట్లాడుకుని ఏళ్లయింది. పోట్లాటేం లేదు. అమ్మ బీపీ మాత్రల గురించి తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, అంతే. అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. నిజమైన మాట ఒక్కటీ తోచడం లేదు. అన్న అనుకుంటే ఆమెకు గుర్తొచ్చేది ఒక ఆట మాత్రమే, అది కూడా సగం సగం.

నాన్న విజయభాస్కర్‌కు బజారులో రేడియో, టీవీల రిపేరు షాపు ఉండేది. ఎనభై ఎనిమిదిలో, శ్రీహరికోటలో పనిచేసే ఇంజనీరు ఒకాయన, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరొకటి రిపేరుకిచ్చి, బదిలీ మీద వెళ్లి మళ్లీ రానేలేదు. నాన్న దాన్ని ఇంటికి తెచ్చాడు. దాంతోపాటు ఒక క్యాసెట్టు. టేపురికార్డరులో ఆ క్యాసెట్టు పెడితే ఐదు నిమిషాలు కీచుమని అరిచి, ఆ తర్వాత టీవీలో ఆట వచ్చేది. పైన నీలం ఆకాశం, మధ్యలో ఎర్రటి వెలుగు, కింద పచ్చని చేలు. వరసగా తాటిమానులు. ఒక టోపీ మనిషి ఆ మానులెక్కుతూ, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతూ పోయేవాడు. పైకెక్కేకొద్దీ వాడి రంగు మారిపోయేది. వాడికి అన్నాచెల్లెళ్లిద్దరూ తాటిచెట్టాయన అని పేరు పెట్టుకున్నారు. మరుసటేడు తుఫానుకు ఇంట్లోకి నీళ్లొచ్చి కంప్యూటరు, క్యాసెట్టు రెండూ పోయాయి.

ఆ ఆట దొరికితే అన్న గురించి ఒక్క మాటైనా దొరుకుతుందని మెర్లిన్‌కు తోచింది. గురువారం పొద్దున, పాత కంప్యూటరు ఆటల పిచ్చివాళ్లు చేరే ఒక ఇంటర్నెట్ గుంపులో చేరి, గుర్తున్నదంతా ఇంగ్లీషులో రాసింది. వాళ్లు మహా ఓపికమంతులు. నలభై మంది నలభై ఆటలు చూపించారు. కోతులున్నవి, కొబ్బరికాయలున్నవి, అడవులున్నవి. ఏదీ కాదు. ఎక్కేకొద్దీ మనిషి రంగు అలా మారడం ఆనాటి కంప్యూటర్లలో తాను చూడలేదనీ, బహుశా కలగన్నారేమోననీ శుక్రవారం ఒక పెద్దమనిషి మర్యాదగానే రాశాడు. మెర్లిన్‌కు కోపం కూడా రాలేదు. ఉన్న ఒక్క జ్ఞాపకమూ ఉత్తదేనన్నమాట అనుకుని ఊరుకుంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ మగ్దలీనమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది.

"ఏందిమే, మూడు దినాలుగా ఆ కంప్యూటర్లో తల దూర్చుకోనుండావు?"

"చిన్నప్పుడు నేనూ అన్నా ఆడిన ఆట వెతుకుతుండానుమా. పైన నీలంగా, నడాన ఎర్రంగా, కింద పచ్చంగా ఉండేది. అట్టాంటిది లేనే లేదంటుండారు."

మగ్దలీనమ్మ చెయ్యాపి కూతురి వంక అదోలా చూసింది.

"దానికి రంగులు యాడియి? మనది బ్లాక్ అండ్ వైట్ టీవీ గదా. మీ నాయన నెల్లూర్నించి మూడు రంగుల ప్లాస్టిక్ రేకు తెచ్చి టీవీ ముందర తగిలించినాడు. యేం జూసినా అవే రంగులు. వార్తలు జదివే ఆమెకు నెత్తి నీలం, మొగం ఎరుపు, చీర పచ్చ. కలర్ టీవీ కొన్నట్టు ఊరందర్నీ పిల్చి జూపించినాడు మీ నాయన."

టీవీ అంటేనే అలా ఉంటుందనుకునే వయసు మెర్లిన్‌ది అప్పుడు. ముప్పై ఆరేళ్ల తర్వాత ఆ ప్లాస్టిక్ రేకును దేశదేశాలవాళ్ల చేత వెతికించింది. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేది. ఇప్పుడు మాత్రం ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, రంగులు మా టీవీ ముందున్న రేకువి, వాటిని వదిలేయండి అని రాసింది.

పావుగంటలో జవాబు వచ్చింది. ఆట పేరు చిమ్నీ చార్లీ. అవి తాటిచెట్లు కావు, పొగగొట్టాలు. ఆ మనిషి చలిదేశాల ఇళ్లలో పొగగొట్టాల మసి తుడిచేవాడు. వాకాడు పిల్లలకు నిలువుగా, పొడుగ్గా ఉండి మనిషి ఎక్కేది తాటిచెట్టు కాక ఇంకేమవుతుంది? అక్కడికక్కడే ఆడుకునేలా లింకు కూడా పంపారు.

మెర్లిన్ లింకు నొక్కింది. నలుపు మీద తెల్లగీతలు. ఆకాశం లేదు, చేలు లేవు. మనిషి మాత్రం వాడే, టోపీ వాడిదే. ఆట మొదలైంది. పొగ ఉండ ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. ఆమె కుడి బొటనవేలు సరిగ్గా సమయానికి స్పేస్‌బార్ నొక్కింది. వాడు ఉన్నచోటే ఎగిరి ఉన్నచోటే దిగాడు. ఇంకో పొగ. మళ్లీ నొక్కింది. వేలికి అంతా గుర్తుంది, రెప్పపాటు తేడా రాలేదు. కానీ వాడు ముందుకు పోవడం లేదు.

ఎందుకు పోవడం లేదో కాసేపటికి గాని తెలియలేదు. నడిపే మీటలు ఎడమవైపు ఉన్నాయి. ఆమె ఎడమ చెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. ఆ మీటలు ఆమె ఎన్నడూ నొక్కలేదు. అవి జడ్సన్‌వి. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ ఒకే కీబోర్డు ముందు కూర్చునేవాళ్లు. అన్న నడిపేవాడు, ఆమె దూకించేది. అంచుకు రాగానే "ఊఁ, మే" అనేవాడు. ఆ మాట పడగానే ఆమె నొక్కేది. ఇప్పుడు ఎడమ చెయ్యి కూడా మీటల మీద పెట్టి చూసింది. రెండు చేతులూ తనవే అయినా ఒకదానికొకటి కుదరలేదు. ఉన్న మూడు ప్రాణాలూ మొదటి పొగగొట్టం దగ్గరే పోయాయి.

"దొరికినాదా మే?" అంది అమ్మ.

"దొరికిందిమా."

"ఆడుకో మరి."

"ఒక్కదాన్నే ఆడేది గాదుమా ఇది," అంది మెర్లిన్.

ఆదివారం కూడికలో సలోమి సాక్ష్యం అయ్యాక పాస్టరుగారు మెర్లిన్‌ను పిలిచారు. ఆమె ముందుకెళ్లి మైకు అందుకుంది.

"చిన్నప్పుడు నేనూ మా అన్నా ఒక ఆట ఆడేవాళ్లం. అందులో మనిషిని నడిపేది మా అన్న, దూకించేది నేను. ఎప్పుడు దూకించాల్నో అన్నే జెప్పేవాడు. చానా దూరం పోయేవాళ్లం. నేనే బాగా ఆడతాననుకునేదాన్ని. నిన్న ఒక్కదాన్నే ఆడినా. మొదటి చెట్టు గూడా దాటలా."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమెన్ అనాలా వద్దా అని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మెర్లిన్‌కు ఇంకా చెప్పాలని ఉంది గాని తర్వాతి మాట రాలేదు. మైకు పట్టుకుని, అన్న చెప్పేదాకా ఆగినట్టు ఆగింది. చెప్పేవాడు లేడని అప్పుడు తెలిసింది. మంగళవారం సమాధి దగ్గర కాదు, అప్పుడు. అందరి ముందూ ఆమె బావురుమంది.