గంపల గదిలో ఉద్యోగం

"మబ్బు పట్టిందే కోడలా! చేపలు తడిసిపోతాయి!"

అత్తగారు పోలేరమ్మ వీధరుగు మీద కూర్చునే కేకేసింది. గంగారత్నం సగం కొట్టిన కొటేషన్‌ని టైపు మెషీన్లోనే వదిలేసి మేడ మీదికి పరిగెత్తింది. బందరు నుంచి గంపల్లో వచ్చే ఎండు చేపలకి చెమ్మ తగిలితే పురుగు పడుతుంది. మళ్ళీ ఎండబెట్టాలి, తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి, చినుకు పడితే ఎత్తాలి. వ్యాపారం పోలేరమ్మది, మేడ ఎక్కే కాళ్ళు గంగారత్నానివి. చేపలన్నీ ఎత్తి కిందికి దిగేసరికి ఎండ కాసింది. ఉయ్యాల్లో పిల్ల లేచింది. మెషీన్లో కాగితం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

గవర్నర్‌పేటలోని ఒక లారీ స్పేర్ పార్టుల కంపెనీలో గంగారత్నం టైపిస్టు. భర్త కాశీరావు అక్కడే అకౌంట్స్ గుమాస్తా. పిల్ల పుట్టాక ఆమె మానేస్తుందేమోనని ప్రొప్రైటరు జక్కయ్య గారు ఊళ్ళో ఎవరూ వినని ఏర్పాటు ఒకటి చేశాడు. వారంలో మూడు రోజులు ఆఫీసుకి రావడం, మూడు రోజులు ఇంట్లో టైపు కొట్టడం. మెషీను కృష్ణలంకలోని వాళ్ళింటికి రిక్షాలో వచ్చింది. కాగితాలు కాశీరావు మోస్తాడు. ఆ రోజు గంగారత్నం ఎంత మురిసిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఇంట్లో ఉన్న ఆడది ఖాళీగా ఉన్నట్టే లెక్క. పాలు పొంగితే ఆమే, చుట్టాలొస్తే ఆమే, గంపల కోసం బేరగాళ్ళొస్తే తలుపు తీసేదీ ఆమే. ఆఫీసుకి వెళ్ళే మూడు రోజులూ ఇంటి పని ముందూ వెనకా చెయ్యాలి, ఇంట్లో ఉండే మూడు రోజులూ మధ్యలో చెయ్యాలి. మెషీను పెట్టిన చిన్న గదిలోకి గంపలు చేర్చింది కూడా కాశీరావే. "నువ్వెట్టాగూ అక్కడే కూర్చుంటావుగా, ఎలకలు రాకుండా చూసినట్టుంటది" అన్నాడు. వద్దంటే, "మా అమ్మ కష్టపడి చేసుకునే వ్యాపారం నీకు కంపు కొడుతుందా?" అని లేచాడు.

కంపు గంగారత్నానికి కొట్టలేదు. ఆమెదీ చేపల ఇల్లే. కొట్టింది ఆఫీసుకి. ఒకనాడు చేప ముట్టని జక్కయ్య గారు కాగితాల కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏంటయ్యా కాశీరావూ ఈ వాసన? పార్టీలు నవ్వుతున్నారు" అన్నాడు. గంగారత్నం అక్కడే నిలబడి ఉంది. గంపల సంగతి చెప్తాడనుకుంది.

"మా ఆవిడకి శుభ్రం తక్కువండీ. ఎన్నిసార్లు చెప్పినా చేతులు కడుక్కోదు" అన్నాడు కాశీరావు.

గదంతా నవ్వింది. గంగారత్నం తన చేతుల వంక చూసుకుంది. ఆ క్షణాన మొగుడి మీద ఆమెకి పుట్టింది కోపం కాదు, కసి. కోపమైతే ఇంటికెళ్ళేలోపు చల్లారిపోయేది.

ఆ నెల్లోనే హెడ్ గుమాస్తా రత్తయ్య గారు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ మీద గంగారత్నానికి ఎప్పటినుంచో ఆశ. ఉత్తరాలూ, ఫోనూ, పార్టీలతో మాటలూ చాలా కాలంగా ఆవిడే చూస్తోంది. ధైర్యం చేసి అడిగితే, "సగం రోజులు ఇంట్లో ఉండే మనిషికి ఆ సీటు ఎట్టా ఇస్తానమ్మా? కాశీరావుకి ఇద్దామనుకుంటున్నా" అన్నాడు జక్కయ్య గారు.

పక్కనే ఉన్న కాశీరావుకి ఊపొచ్చింది. "ఇంట్లో కూర్చోటం కూడా ఉద్యోగమా అండీ? అది సుఖం! నాకిచ్చి చూడండి, కాలు మీద కాలేసుకుని లెక్కలన్నీ ఒక్క పూటలో తేల్చేస్తా."

"అయితే ఆయనకే ఇవ్వండి" అంది గంగారత్నం.

అందరూ తిరిగి చూశారు. ఆమె చెప్పుకుపోయింది. "ఇంట్లో ఉండే నా మూడు రోజులూ ఆయనకివ్వండి, నేను రోజూ ఆఫీసుకొస్తానండీ. ఉత్తరాలకీ ఫోనుకీ మనిషి ఇక్కడుండాలి. లెక్కలు ఎక్కడ కూర్చుని రాసినా ఒకటేగా. ఆయనే అంటున్నారు, ఒక్క పూట పనని."

జక్కయ్య గారికి అది నచ్చింది. "ఏమయ్యా, మాట మీద ఉంటావా?" అన్నాడు. అంతమంది ముందు కోసిన కోతలు కాశీరావు ఎట్లా మింగుతాడు? తలూపాడు. మూడు నెలలు చూద్దామన్నారు. మెషీను మళ్ళీ రిక్షా ఎక్కింది, గంగారత్నం రత్తయ్య గారి కుర్చీ ఎక్కింది.

ఇక మొదలైంది కాశీరావు సుఖం. కూడిక సగంలో ఉండగా మబ్బు పడుతుంది. కాకి వాలుతుంది. పిల్ల చాప తడుపుతుంది. పోలేరమ్మకి కొడుకైతేనేం, కోడలైతేనేం, ఇంట్లో ఉన్నవాళ్ళు మేడ ఎక్కాలి. ఎదురింటి పేరమ్మ ప్రతి పొద్దునా గుమ్మంలోకొచ్చి, "ఉద్యోగం పోయిందంటగా నాయనా?" అని జాలిపడుతుంది. లెక్కలు తప్పాయి, తిరిగొచ్చాయి, మళ్ళీ తప్పాయి.

"మా అమ్మకి నువ్వొక మాట చెప్పరాదూ?" అన్నాడు ఒకరోజు భోజనం దగ్గర.

"మీ అమ్మగారేగా, మీరే చెప్పండి" అని గంగారత్నం పులుసు వడ్డించింది. ఆమెకి జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు చూసింది కూడా. మర్నాడు మెషీను తీసేసిన చోటు ఖాళీగా కనిపిస్తే, వరండాలో ఉన్న ఇంకో గంపని తన చేత్తోనే అక్కడికి జరిపి మరీ ఆఫీసుకి వెళ్ళింది.

గడువు తీరిన రోజు కాశీరావు ఆఫీసు మెట్ల మీద ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. చొక్కా ఉతికిందే, వాసన మాత్రం పోలేదు. మెట్లెక్కేవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్తున్నారు.

"నా వల్ల కాదు గంగా. ఆయన నీ మాట వింటాడు. నేనూ రోజూ ఆఫీసుకొస్తానని చెప్పు. పిల్లకీ చేపలకీ ఒక మనిషిని పెట్టుకుందాం."

మనిషిని పెట్టుకుందాం! రెండేళ్ళు ఆమె ఒక చేత్తో పిల్లనీ, ఒక చేత్తో గంపనీ మోస్తూ మెట్లెక్కితే ఈ నోటికి ఆ మాట రాలేదు. ఆ మనిషి ఆమే కాబట్టి ఇంకో మనిషి అక్కర్లేకపోయింది కాబోలు. నిజానికి ఇప్పుడు ఆఫీసు మెట్లెక్కుతూ అతన్ని చూసినప్పుడు గంగారత్నం కొంచెం మెత్తబడింది. ఆ మాటతో ఆ మెత్తదనం కాస్తా పోయింది.

లోపల జక్కయ్య గారు కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశాడు. "హెడ్ గుమాస్తావి నువ్వు. ఇతను నీ కింద మనిషి. నువ్వెట్టా అంటే అట్టా. ఏం చేద్దామమ్మా?"

కాశీరావు రెండు చేతులూ కట్టుకుని భార్య ముఖంలోకి చూశాడు.

గంగారత్నం తన కుర్చీలో కూర్చుని, మెషీన్లోకి కొత్త కాగితం ఎక్కించి, అంచులు సరిచేసుకుంది.

"ఆయన లేకపోతే ఇంట్లో ఒక్క క్షణం గడవట్లేదండీ" అంది మెత్తగా. "ఆ మిగిలిన మూడు రోజులు కూడా ఇంటికే ఇచ్చెయ్యండి."