మొదటి గంట

అంబాణపు పండుకు ముందు అంచులు చెక్కాలి. అయిదు పలకల మీదా చాకును పైనుంచి కిందికి ఒక్కసారి నడిపితే ఆకుపచ్చటి నార దారంలా ఊడి వస్తుంది. ఆ తర్వాతే అడ్డంగా కోయాలి. అప్పుడు ప్రతి ముక్కా అయిదు మొనల నక్షత్రమై పళ్ళెంలో పడుతుంది. డాక్టర్ గ్యోక్‌చీ పదిహేనేళ్ళుగా ఈ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నర్సులు సూదులు గుచ్చవచ్చు, మిషను గొట్టాలు కడగవచ్చు, మాట వినని రోగుల్ని ఆవిడ పేరు చెప్పి కసరవచ్చు. పళ్ళు కోయడం మాత్రం ఆవిడదే.

పొద్దున్న ఆరున్నర. ఆస్పత్రి వెనక గది కిటికీ తెరిచి ఉంది. జనవరి గాలి పొడిగా ఉంది, చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మాడిన బెల్లం వాసన మోసుకొస్తోంది. డెబ్బై ఒకటో ఏట కూడా ఆవిడ నిలబడే కోస్తుంది, కూర్చుంటే నడుము పట్టేస్తుందని. పొట్టి మనిషి. తెల్లకోటు మోకాళ్ళ కిందికి దిగి, ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టు ఉంటుంది. ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. ఏళ్ళ తరబడి ఫార్మలిన్‌తో గొట్టాలు కడిగి కడిగి వేళ్ళ చివర చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. కోసిన ముక్కల మీద ఉప్పూ పులుపూ కలిసిన పొడి చల్లేటప్పుడు ఆ వేళ్ళు మండుతాయి. ఆవిడకు అదీ అలవాటే.

రక్తం కడిగే మిషన్లు నాలుగు, స్టీలు పళ్ళేలు నాలుగు. పళ్ళేనికి ఆరు ముక్కలు, గుచ్చుకుని తినడానికి ఒక పుల్ల.

కిడ్నీలు పాడైనవాడికి పళ్ళు పడవు. రెండు అరటిపళ్ళు తిని గుండె ఆగిపోయినవాళ్ళను ఆవిడ చూసింది. కానీ మిషను ఎక్కిన మొదటి గంటలో ఏం తిన్నా, తక్కిన గంటల్లో అది రక్తంలోంచి కడిగేస్తుంది కదా అని ఆవిడకు తోచింది. "మొదటి గంట మీది, తక్కినవి నావి" అని రోగులకు చెప్పేసింది. కావోసియుంగ్ నగరంలో పెద్ద డాక్టర్లు విని నవ్వారు. నవ్వితే నవ్వారు. నోరు కట్టుకుని, వారానికి మూడుసార్లు మిషను ఎక్కి బతికే మనిషికి ఆ మూడు గంటలు నోరు తెరుచుకునే వీలిస్తే, మిగతా వారమంతా చెప్పినట్టు వింటాడని ఆవిడ నమ్మకం. విన్నారు కూడా. పింగ్‌టుంగ్ జిల్లా దక్షిణాన ఆవిడకు పేరొచ్చింది మిషను తెచ్చినందుకు కాదు, ఈ గంట ఇచ్చినందుకు.

మిషను తెచ్చిన సంగతి ఇప్పుడెవరికీ పట్టదు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఈ జబ్బుకు ఆవిడ చేసిన వైద్యమల్లా ఒక్క మాట. "ఇంటికి తీసుకెళ్ళి ముందుగదిలో పడక వేయండి." పోయేవాడు తన ఇంటి కప్పు కింద, గతించిన పెద్దలను పూజించే పీట ఎదుట పోవాలని అక్కడి ఆచారం. ఆ మాట చెప్పీ చెప్పీ ప్రాణం విసిగి, 1971లో ఒక పెద్దాసుపత్రి పారేయబోతున్న పాత మిషనును బతిమాలి పుచ్చుకుని, అరటిగెలల లారీ మీద ఎక్కించుకొచ్చింది. జపాను భాషలో ఉన్న పుస్తకం ఎదురుగా పెట్టుకుని మూడు నెలలు దానితో కుస్తీ పట్టింది. ఆ తర్వాత తోటల వైపు ఒక ఇంటికి వెళ్ళింది. అక్కడ థియాన్‌లాయ్ అనే ఇరవై ఆరేళ్ళవాణ్ణి ముందుగదిలో చెక్క మీద పడుకోబెట్టి, చావుబట్టలు కూడా కుట్టించేశారు. వాళ్ళ నాన్నతో అరగంట పోట్లాడి, కుర్రాణ్ణి ఆ చెక్కతో సహా మోయించుకొచ్చింది.

జిల్లాలో మిషను మీద బతికి బట్టకట్టిన మొదటి మనిషి థియాన్‌లాయ్. పెళ్ళి చేసుకున్నాడు, తండ్రి తోటను రెండింతలు చేశాడు. ఆ చెక్కను దాచుకున్నాడు. కోసిన అంబాణపు పళ్ళను దాని మీదే పరిచి పెద్దవీ చిన్నవీ ఏరతాడు. చావు చెక్క మీద తినేవి పెట్టకురా అని బతికున్నన్నాళ్ళూ వాళ్ళమ్మ గోల పెట్టేది. "అది నన్ను మొయ్యలేకపోయింది, పళ్ళనన్నా మొయ్యనీవే" అనేవాడు. చలికాలం వస్తే ఆస్పత్రికి రెండు గంపలు వాడి తోటవే. మిగిలిన పళ్ళు సంచీల్లో కట్టి, మిషను ముందురోజు ఒకటి తినొచ్చని డాక్టరు రోగుల ఇళ్ళకూ ఇచ్చి పంపేది.

ఆ రోజూ ఏడు కాకముందే వచ్చాడు, భార్య ఆబాన్‌తో. పురుగు పట్టకుండా చెట్టు మీదే పండు పండుకూ తొడిగిన కాగితపు సంచులు ఇంకా తీయలేదు. గంపలు దించుతూ ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

"ఏం తోటాయనా, దొంగతిండి తిన్నావా? నీ ఎక్కిళ్ళు వీధి మొదట్లో వినపడ్డాయి," అంది నర్సు సియుఖిమ్. మిషను వచ్చిన ఏడాది చేరిన మనిషి, నోటికి జంకు లేదు.

"దొంగతిండి తినే రాత నాదెక్కడక్కా," అన్నాడు. మధ్యలో ఒక ఎక్కిలి మింగాడు. "గడియారం పట్టుకుని కూచుంటుంది కదా మీ డాక్టరమ్మ."

"నిన్న పొద్దుగూకిన కాణ్ణుంచీ ఇదే వరసండీ," అంది ఆబాన్ డాక్టరుతో. "ముక్కు మూయించాను. వెనిగర్ తాగించాను. వెనకనుంచి వచ్చి బెదిరించాను. కంటిమీద కునుకు లేదు ఇద్దరికీ."

"బెదిరించడానికి కొత్తగా ఏం చేసిందంటారు? రోజూ చూసే మొహమే కదా డాక్టరమ్మా," అన్నాడు థియాన్‌లాయ్.

గది అంతా నవ్వింది. డాక్టరూ నవ్వింది. కానీ ఎక్కిళ్ళు అన్న మాటకు ఆ నవ్వు మధ్యలోనే ఆపేసింది. ఎందుకో ఆవిడకే తెలియలేదు. నాడి చూసింది, రక్తపోటు చూసింది, కాళ్ళ వాపు నొక్కి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. వాణ్ణి ఎప్పటిలాగే కిటికీ పక్కన ఒకటో నంబరు మిషనుకు ఎక్కించారు. పళ్ళెం తనే తీసుకెళ్ళి చేతికిచ్చింది.

రెండు ముక్కలు తిన్నాడు. "కడుపులో చోటు లేదు, తర్వాత తింటా," అంటూ పళ్ళేన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. కాసేపయ్యాక కుడికాలు తనది కానట్టుంది అన్నాడు. సియుఖిమ్ దుప్పటి సర్దబోతే ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇంకా దీపం పెట్టలేదేం?" అని అడిగాడు.

సియుఖిమ్ నవ్వబోయి వాడి కళ్ళు చూసి ఆగిపోయింది. వాళ్ళమ్మ పోయి ఎనిమిదేళ్ళు.

డాక్టరు వెనక గదికి వెళ్ళింది. బీరువాలో అడుగు అరలో ఒక దళసరి నోటుపుస్తకం ఉంది. తన చేతుల్లో పోయిన ప్రతి మనిషికీ అందులో ఒక పేజీ. దాన్ని ఆవిడ రాయడానికే తీస్తుంది తప్ప చదవడానికి తీయదు. ఆ రోజు చదివింది. బడిపంతులు: ఎక్కిళ్ళు, నిద్ర లేదు, మాట తేడా, మూర్ఛ, మరణం. ఉప్పుచేపలు అమ్మే మనిషి: అవే ముక్కలు, అదే వరస. మంగలి: అదే. మూడు పేజీల్లోనూ కింద తన అక్షరాలే. రక్తంలో మలినం పెరిగినందువల్ల, అని. మూడు తేదీలూ చలికాలానివే. చలికి ముసలి గుండెలు ఓర్చుకోలేవనుకుంది అప్పట్లో. మంగలి పేజీ చివర, ఎవరూ అడగకపోయినా, ఒక ముక్క ఎక్కువ రాసింది: "సోమవారం పళ్ళ సంచీ ఇచ్చి పంపాను. సంతోషంగా వెళ్ళాడు."

ఆ వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదివింది. బల్ల మీద చాకు ఉంది, పక్కన పచ్చటి నార కుప్ప ఉంది. పుస్తకం తెరిచే ఉంచి బయటికి నడిచింది.

వరండాలో ఆబాన్ బెంచీ మీద కూర్చుని ఉంది.

"నిన్న ఏం తిన్నాడు?"

"మీరు వద్దన్నది ఒక్కటీ ముట్టలేదండీ. ఒట్టు."

"నేను వద్దననిది ఏం తిన్నాడు?"

ఆబాన్ తెల్లబోయి చూసింది. "మొన్న గాలికి పళ్ళు రాలాయి. దెబ్బ తగిలినవి ఎవరూ కొనరు కదా. పారెయ్య బుద్ధి కాక రసం తీశాను. ఉప్పేసుకుని రెండు గ్లాసులు తాగాడు. నేను వద్దనే అన్నానండీ. డాక్టరమ్మ తన చేత్తో పెట్టే పండు, అది మందుతో సమానం అన్నాడు."

ఆవిడ వార్డులోకి నడిచింది. తక్కిన ముగ్గురూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మూడో నంబరు ముసలాయన బుగ్గన ముక్క ఉంది.

"ఉమ్మేయండి," అంది.

"గంట కావడానికి ఇంకా పది నిమిషాలుంది కదమ్మా," అన్నాడాయన, గోడ గడియారం చూపించి.

ఆవిడ అరచెయ్యి చాచి ఆయన గడ్డం కింద పెట్టింది. ముసలాయన ఆ చేతిలో ఉమ్మేశాడు. మూడు పళ్ళేలూ తనే లాక్కుని చెత్తబుట్టలో దులిపేసింది.

"సియుఖిమ్, వాణ్ణి మిషను మీంచి దించొద్దు. మధ్యాహ్నం వచ్చే రోగుల్ని ఆగమను. ముందు ఈ వారం మన దగ్గర పళ్ళ సంచీలు పట్టుకెళ్ళినవాళ్ళకు ఫోన్ చెయ్యి. ఫోన్ లేని ఇంటికి స్కూటర్ మీద వెళ్ళు."

"ఏమని చెప్పను?"

"ఆ పండు తినొద్దని."

"ఎందుకని అడుగుతారు. పదిహేనేళ్ళు మనమే పెట్టాం."

"డాక్టరు తప్పు చేసిందని చెప్పు."

సియుఖిమ్ టెలిఫోను దగ్గరకు వెళ్ళింది.

పదకొండింటికి మొదటి మూర్ఛ వచ్చింది. నలుగురు పట్టుకోవలసి వచ్చింది. కావోసియుంగ్‌కు ఫోన్ చేస్తే అవతల ఎవరో కుర్ర డాక్టరు ఓపిగ్గా విని, పండు తింటే ఎక్కిళ్ళేమిటండీ, ఒకసారి మలినం శాతం చూడండి అన్నాడు. చూసింది. మలినం ఎప్పటికన్నా తక్కువే ఉంది. మిషను తిరుగుతూనే ఉంది. ఎర్రటి గొట్టం వాడి చేతిలోంచి వెళ్ళి మళ్ళీ వాడి చేతిలోకే వస్తోంది. రక్తం శుభ్రంగానే ఉంది, మనిషి మాత్రం లోపలికి లోపలికి దిగిపోతున్నాడు. ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయకుండా, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య ఎంతసేపు పడుతోందో గడియారంలో చూసింది. భయం వేసింది. చావంటే ఆవిడకు ఎన్నడూ వేయని భయం.

రెండు గంటలకు ఎక్కిళ్ళు ఆగిపోయాయి. "తగ్గింది," అంది ఆబాన్, మొగుడి నుదురు తుడుస్తూ, పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వింది. డాక్టరు ఆమె వైపు చూడలేకపోయింది. కాసేపటికి ఊపిరి తోవ తప్పింది. ముక్కుకు రబ్బరు సంచీ తగిలించి చేత్తో నొక్కడం మొదలుపెట్టారు.

నాలుగింటికి ఆబాన్ తనంతట తనే లేచి వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఇంటికి తీసుకెళ్తామండీ. ముందుగదిలో పడక వేస్తాం."

ఎన్ని వందల ఇళ్ళకు చెప్పిన మాటో అది. తనకు ఎవరైనా చెప్తే ఎలా ఉంటుందో ఆవిడకు ఇప్పుడు తెలిసింది. తల ఊపింది.

వ్యానులో ఊపిరి సంచీ ఆవిడే నొక్కింది. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి. దారి పొడుగునా తోటలు. చెట్ల మీద కాగితపు సంచులు వేల సంఖ్యలో తెల్లగా వేలాడుతున్నాయి. ఇంట్లో థియాన్‌లాయ్ తమ్ముడు చెక్కను ఖాళీ చేస్తున్నాడు. దాని మీది పళ్ళను గబగబా చేతులతో కిందికి తోసేస్తే గోడ వారన కుప్పగా పడ్డాయి. తడిగుడ్డ పెట్టి తుడిచి, పెద్దల పీట ఎదుట చెక్కను వేశారు. పదిహేనేళ్ళ కింద ఏ చెక్క మీంచి లేచాడో దాని మీదే పడుకోబెట్టారు.

ఆబాన్ మొగుడి చొక్కా గుండీలు పెట్టింది. జుట్టు దువ్వింది. తర్వాత డాక్టరు వైపు చూసి చిన్నగా తల ఆడించింది. గ్యోక్‌చీ సంచీ నొక్కడం ఆపింది. అంతే. బయట ఎండ ఇంకా పూర్తిగా పోలేదు.

"నేను తీసిన రసమేనా?" అంది ఆబాన్, ఎటో చూస్తూ.

"నేను పెట్టిన పండు."

వాకిట్లోకి వచ్చాక తమ్ముడు డాక్టరు వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించి, మర్యాదగానే చెప్పాడు. "డాక్టరమ్మ గారూ, ఆస్పత్రి నుంచి ఏవో ఫోన్లు వెళ్ళాయట. అక్కడితో ఆపేయండి. ఊరంతా ఈ చెట్ల మీదే అన్నం తింటోంది. మా అన్నయ్యకు ప్రాణం పోశారని మీరంటే మాకు గౌరవం. అది అలాగే ఉండనివ్వండి."

"బాగున్నవాళ్ళను అదేం చేయదు నాయనా. కిడ్నీలు లేనివాళ్ళకే చెప్తాను."

"మార్కెట్లో ఆ తేడా ఎవరు చూస్తారండీ?"

వాకిలి గుమ్మం దగ్గర నలుగురైదుగురు తోటలవాళ్ళు అప్పుడే చేరారు. ఎప్పుడూ ఆవిడ కనబడితే టోపీ తీసేవాళ్ళు. ఇవాళ ఎవరూ తీయలేదు, దారి మాత్రం ఇచ్చారు.

ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి సియుఖిమ్ మధ్యాహ్నం వాళ్ళను మిషన్లు ఎక్కించేసింది. పళ్ళేలు లేవు. "పద్నాలుగు ఇళ్ళకూ చెప్పాను," అంది. "ఒకాయన తిట్టాడు. ఒకామె ఏడ్చింది. ఇద్దరు తినేశారట, ఎక్కిళ్ళేవీ లేవు. అయినా రమ్మన్నాను, దారిలో ఉన్నారు."

డాక్టరు బల్ల ముందు కూర్చుని కాగితం పరిచి, కుంచెతో ఇలా రాసింది: "మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు అంబాణపు పండు ఒక్క ముక్క కూడా తినకూడదు, రసం తాగకూడదు. ఇన్నేళ్ళూ నేనే పెట్టాను." కింద తన పేరు రాసి ముద్ర వేసింది. వీధి తలుపుకు అంటిస్తే తెల్లారేసరికి ఎవరో ఒకరు చింపేస్తారని ఆవిడకు తెలుసు. అందుకని అలాంటివే మరి నాలుగు రాసింది. తర్వాత నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి థియాన్‌లాయ్ పేరు రాసింది. మంగలి పేజీకీ, ఉప్పుచేపల మనిషి పేజీకీ, పంతులు పేజీకీ వెనక్కి వెళ్ళి, కింద మలినం వల్ల అని రాసిన వాక్యాలు కొట్టేసింది.

దారిలో ఉన్న ఇద్దరి కోసం ఒకటో నంబరు మిషను సిద్ధం చేద్దామని లేచింది. పరుపు మీది దుప్పటి మార్చారు, గొట్టాలు కడిగారు, నేల తుడిచారు. కిటికీ గట్టు సంగతి మాత్రం ఆ హడావిడిలో ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ థియాన్‌లాయ్ పళ్ళెం అలాగే ఉంది. అందులో నాలుగు ముక్కలు అంచులు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి, ఒకదాంట్లో పుల్ల నిటారుగా గుచ్చి ఉంది.