సేటు మరిచిపోయిన కండువా

గరిడేపల్లి దారిలో బద్రీనాథ్ సేటు మిల్లుకు దస్రు ఇరవై ఏళ్లుగా వడ్లు తోలుతున్నాడు. ఇరవై ఏళ్లూ చెప్పులు గేటు బయటే విడిచాడు, ఎండలో నిలబడ్డాడు, "ఒరేయ్ లంబాడోడా" అంటే పలికాడు. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. సేటు ఎన్నికల్లో నిలబడ్డాడో లేదో, జీపేసుకుని తండాకు దిగి, "దస్రన్నా, ఇయ్యాల మీ ఇంట్లనే బువ్వ" అన్నాడు.

అన్నా! పిచ్చి మారాజు, ఆ ఒక్క మాటకే దస్రు కరిగి నీరయ్యాడు. భార్య మంగ్లీ పళ్లెం మూడుసార్లు తోమి జొన్నరొట్టె, గోంగూర పప్పు వడ్డించింది. తండా అంతా వాకిట్లో నిలబడి చూస్తుండగా సేటు రెండు రొట్టెలు తిని, "అమృతం, చెల్లే" అన్నాడు. మన ఇంట తిన్నవాడు మనవాడే, తండాలో అదే లెక్క. "మా ఓట్లన్నీ నీకే సేట్" అని దస్రు అందరి ముందూ మాటిచ్చేశాడు.

జీపు కదిలాక చూస్తే సేటు జరీ కండువా మంచం మీదే ఉంది. దస్రు దాన్ని పట్టుకుని పొలాలకు అడ్డంపడి పరిగెత్తాడు. కాలువ వంతెన దగ్గర జీపు ఆగి ఉంది. సేటు వంగి, గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కుతున్నాడు. డ్రైవరు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు.

"థూ! ముక్కు మూసుకుని మింగిన. ఓట్ల కోసం ఏం గడ్డి తినాల్సొచ్చెరా!" అని సేటు పుక్కిలించి ఉమ్మాడు.

గట్టు మీద మంగ్లీ చేతి రొట్టె, ముక్కలు ముక్కలుగా. దస్రుకు రోత పుట్టింది. ఛీ, ఆ కక్కు చూసి కాదు. "అన్నా" అన్నందుకు పొద్దుటి నుంచి పొంగిపోయిన తనమీద తనకే. దీనికంటే ఆ "ఒరేయ్" నయం, అందులో కల్తీ లేదు.

ఇంటికొస్తే మంగ్లీ ఎంగిలి పళ్లెం ఇంకా కడగలేదు. సేటు తిన్న పళ్లెమని ఇరుగుపొరుగుకు చూపిస్తోంది.

"గిదేంది, కండువా ఇయ్యలేదా?"

"జీపు అందలే," అన్నాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

మూడోనాడు కండువా తీసుకుని మిల్లుకు వెళ్లాడు. చెప్పులు విడవలేదు. సేటు చుట్టూ యాభై మంది జనం.

"దస్రన్నా! రా, గీడ కూసో!"

సేటు కుర్చీ వేయించి, పింగాణీ కప్పులో చాయ్ ఇప్పించాడు. దస్రు కాలు మీద కాలేసుకుని చివరి చుక్క దాకా తాగాడు. తర్వాత రెండు వేళ్లు గొంతులోకి దూర్చాడు. తాగిందంతా సేటు కాళ్ల ముందే పడింది.

"ఒరేయ్ లంబాడోడా!" సేటు ఎగిరి గంతేశాడు.

దస్రు జరీ కండువాతో మూతి తుడుచుకుని, దాన్ని సేటు భుజం మీదే కప్పాడు.

"మా రొట్టె కాలువ కాడ కక్కినవ్ గద సేట్. నీ చాయ్ గీడనే కక్కిన. ఓట్లిస్తమన్న మాట గూడ గా కక్కులనే ఉంటది, ఏరుకో."