తొమ్మిదో కాలమ్

కొత్తగా పడిన వేలిముద్రను నిరుటి ముద్ర పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గురునాథరావు కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకున్నాడు. నలభై ఏళ్ళు ఉప్పుచేపలు పిసికి, తట్టలు మోసి అరిగిపోయిన వేలు అది. గీతలు ఏనాడో చెరిగిపోయాయి. నిరుడు నల్లటి మరకలా పడింది, ఈ ఏడూ అంతే. రెండు మరకలూ ఒకరివేనని ఆయన టిక్కు పెట్టాడు. దాంతో జాలరిపేట పోతమ్మ ఇంకో ఏడాది బతికి ఉన్నట్టు రుజువయింది.

"అయిపోనాదా బాబూ?"

"అయిపోయింది. వెళ్ళిరా."

"వచ్చే ఏడు నువ్వుండవంట గదా. మరి నాను బతికున్నానని ఎవులు సెప్తారు?"

గురునాథరావు తరవాతి పేరు పిలిచాడు.

అది పందొమ్మిది వందల ఎనభై మూడు, ఫిబ్రవరి నెలాఖరు సోమవారం. యాభై అయిదేళ్ళు దాటిన గవర్నమెంటు నౌకర్లందరూ ఆ సాయంత్రంతో ఇళ్ళకు పోవాలని ఉత్తర్వు వచ్చి మూడు వారాలయింది. సర్వీసు పుస్తకం ప్రకారం గురునాథరావుకి యాభై ఆరు. నిజానికి యాభై నాలుగే. ఆనందపురం దగ్గర పల్లెలో బడి పంతులు, వయసు చాలని పిల్లవాణ్ణి బడిలో చేర్చుకోవడానికి రెండేళ్ళు కలిపి రాశాడు. ఆ సంగతి చెప్పి అర్జీ పెట్టుకోమని అందరూ అన్నారు. ఆయన పెట్టుకోలేదు. పళ్ళూడిపోయి నడుం వంగిన ముసలివాళ్ళు వచ్చి, "నాకు డెబ్బయ్యుంటాయి బాబూ, సర్టిఫికెట్లో తప్పు పడింది" అంటే, "కాగితంలో ఉన్నదే వయసు" అని ఏడేళ్ళుగా తిప్పి పంపించినవాడు ఆయన. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అర్జీ రాస్తాడు?

మనిషి సన్నగా, చీపురుపుల్లలా ఉంటాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు కలం పట్టిన కుడిచేతి నడిమివేలి మీద చిక్కుడు గింజంత కాయ. చెవుల మీద తెల్లవెంట్రుకలు. పొద్దున్న ఆయన భార్య కామేశ్వరి క్యారేజీ కడుతూ, "రేపట్నుంచి పదింటికి ఏటి సేస్తారు మీరు?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఆయనకీ తెలియదు.

పింఛన్ల సెక్షన్లో నాలుగు బల్లలున్నాయి. ఆయన ఇక్కడికి వచ్చిన కొత్తలో నాలుగింటికీ మనుషులుండేవారు, దరఖాస్తులన్నీ ఒక్క బీరువాలో సరిపోయేవి. తరవాత ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ అయ్యాయి. భూమి ఉన్నవాళ్ళకు పరిహారం వచ్చింది. ఆ భూముల్లో వరి ఊడ్చి, కోసి బతికిన ముసలివాళ్ళకు ఏమీ రాలేదు. వాళ్ళు బస్తీకి వచ్చి గోడల వారన పడ్డారు. ఔటర్ హార్బరు కట్టడం అయిపోయి రాళ్ళు మోసినవాళ్ళకు పని పోయింది. ఫలానా ఆఫీసులో ముసలాళ్ళకు పింఛనిస్తారట అనే మాట ఒక గోడ వారనుంచి ఇంకో గోడ వారకి పాకింది. బీరువా నిండి, రెండోది నిండి, కట్టలు కిటికీ ఊచల ఎత్తుకి లేచాయి. ఈలోగా ఒక గుమాస్తాకు బదిలీ అయింది. ఒకడు రిటైరయ్యాడు. మూడోవాణ్ణి ఎన్నికల పనికని తీసుకుపోయినవాళ్ళు ఎన్నికలయ్యాక తిరిగి పంపలేదు. మిగిలిన నాలుగో బల్ల గురునాథరావుది. వరండాలో వరస మాత్రం ఏటికేడు మెట్లు దిగి, ఆవరణ దాటి, రోడ్డెక్కింది.

పన్నెండు దాటాక ప్యూను రహమాన్ మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. పాతూరి మనిషి, సెక్షన్లో ఆయనతో పాటే ముసలివాడవుతున్నవాడు.

"దేముడమ్మ ఒచ్చింది సార్. తెల్లారగట్ల దువ్వాడలో రైలెక్కిందంట. ఏమీ తిన్నట్టు నేదు."

గురునాథరావు లేచి కట్టల్లో వెతకలేదు. దేముడమ్మ ఫైలు ఎక్కడుందో ఆయనకు చీకట్లోనైనా తెలుసు. పద్నాలుగు నెలల్లో మూడుసార్లు వెనక్కి వచ్చిన ఫైలు అది. మూడుసార్లూ తొమ్మిదో కాలమ్ దగ్గరే ఆగింది. 'పోషించగల వయసు వచ్చిన కుమారులు: ఉన్నారు / లేరు.' ఉన్నారంటే పింఛను లేదు.

దేముడమ్మకు ఒక కొడుకున్నాడు. పేరు జగ్గారావు. ఊరు పోయాక హార్బరులో రాళ్ళు మోసి, ఆ పనీ అయిపోయాక, ఎక్కడో డ్యాము కడుతున్నారని ఎవరితోనో కలిసి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. మొదటిసారి గురునాథరావు ఆ కాలమ్‌లో 'ఒక కుమారుడు, జాడ తెలియదు' అని రాశాడు. ఎర్రసిరాతో తిరిగి వచ్చింది: ఉన్నారా, లేరా, స్పష్టపరచవలెను. రెండోసారీ, మూడోసారీ మాటలు మార్చి అదే రాశాడు. అదే ఎర్రసిరా తిరిగి వచ్చింది.

దేముడమ్మ లోపలికి వచ్చి బల్ల పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే ఎన్నడూ కూర్చోదు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుంటే ఆ మనిషి ఒక గంప కింద పట్టేటంత ఉంటుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడేలా ఉంది ఆ వాపు.

"దేముడమ్మా, ఈ వేళతో నేను వెళ్ళిపోతున్నాను. నా తరవాత ఈ బల్ల దగ్గరికి ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో తెలీదు. వచ్చినా ఆ కట్టలు చూశావు కదా, నీ కాగితం మళ్ళీ పైకి రావడానికి ఎన్నాళ్ళవుతుందో."

"అయితే ఏటి సెయ్యమంటావు బాబూ?"

"లేడని రాయనీ."

ఆమె నడుం దగ్గర రొంటిలో దోపుకున్నదేదో తడుముకుంది. వరండాలో ఎవరో దగ్గుతున్నారు.

"రాసినంత మాత్రాన పోతాడా? కాగితం మీద మాట అది. అంతే."

"కాగితం మీద మాటకే గదా బాబూ మా ఊరు పోనాది."

గురునాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆయన తప్పని తెలిసి ఒక్క అక్షరం రాయలేదు. దాన్ని గురించి గొప్పగా చెప్పుకున్నదీ లేదు. వేరే విధంగా చెయ్యడం ఆయనకు చాతకాలేదు, అంతే. ఇవాళ కలం తీసి, సిరా విదిల్చి, తొమ్మిదో కాలమ్‌లో 'లేరు' అని రాశాడు. రెండక్షరాలు. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చాయి. ఇంక మిగిలింది రాసినదంతా అర్జీదారుకు చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోవడం. వినిపించకుండా వేయించుకోవచ్చు. ఎవరడుగుతారు? ఆయన ఆమె మొహంలోకి చూసి, పేరు దగ్గర మొదలెట్టి అంతా చదివాడు.

"కుమారులు... లేరు."

దేముడమ్మ తన కుడిచేతి బొటనవేలిని చూసుకుంది.

"నాను ఏలేస్తే, నాను సెప్పినట్టేనా?"

"అవును."

"ఉన్న బిడ్డని నేడని తల్లే సెప్పినట్టు."

రహమాన్ సిరా పెట్టె పట్టుకుని నిలబడి కిటికీ వైపు చూస్తున్నాడు.

"మొన్న శుక్రవారం మొదలు గంజి కూడా నేదు బాబూ. పక్కింటోలు ఎన్నాలు పెడతారు," అంది ఆమె, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టుగా. తరవాత చెయ్యి చాపింది. రహమాన్ వేలిని పట్టుకుని ముద్ర వేయించాడు. ముద్ర చక్కగా పడింది, ప్రతి గీతా తెలిసేలా.

"ఇంక నువ్వు రానక్కర్లేదు. మనియార్డరు ఇంటికే వస్తుంది," అన్నాడు గురునాథరావు.

ఆమె నేల మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచి వెళ్ళింది. ఆయన ఫైలు కట్టి, మిగతా వాటితో కలిపి తాసిల్దారు గదికి బయలుదేరుతూ కిటికీలోంచి చూశాడు. దేముడమ్మ గేటు వైపు పోలేదు. ఆవరణలో కుళాయి దగ్గర నిలబడింది. కొంగు విప్పి, జుట్టు ముడి విప్పి, ఎవరిదో తుప్పు పట్టిన డబ్బాతో నీళ్ళు పట్టి నెత్తి మీద పోసుకుంది. మళ్ళీ పట్టి పోసుకుంది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు చూశారు. చావు కబురు విన్న ఇంట్లో ఆడది చేసే స్నానం అది. వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకామె వరస వదిలి వెళ్ళి, ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని మూడో డబ్బా తనే పోసింది.

గురునాథరావు ఫైళ్ళు చంకన పెట్టుకుని తాసిల్దారు గదిలోకి నడిచాడు.

తాసిల్దారు ఆ రోజు దేన్నీ చదవలేదు. తల ఎత్తకుండా ముప్పయ్యొక్క ఫైళ్ళ మీదా సంతకాలు చేసి, మీటింగుకని జీపెక్కాడు. ఎర్రసిరా లేదు. అంత సులువుగా అయిపోతుందని తెలిస్తే పద్నాలుగు నెలల కిందటే అయ్యేది కదా అనుకుంటూ గురునాథరావు హాలు దాటి, డిస్పాచ్ చూసే శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్ళాడు. శ్రీరామ్మూర్తి కూడా ఆ సాయంత్రం వెళ్ళిపోతున్నవాడే. బల్ల ఖాళీగా ఉంది. మీద ఒక్క కాగితమూ లేదు.

"బావా, ముప్పయ్యొకటి. నంబర్లు వేసి ట్రెజరీకి పంపించెయ్యి."

శ్రీరామ్మూర్తి ఖాళీ బల్ల మీద చేతులు ఆన్చాడు.

"రిజిస్టరు నా దగ్గర నేదు బావా. మధ్యాన్నం రెండుకే సీలేసి అప్పజెప్పీసినాను. కొత్తవోలొచ్చీదాకా పింఛను కాగితాలన్నీ బీరువాలో పెట్టి తాళమెయ్యమన్నారు. నీకు సెప్పనేదా?"

"చెప్పలేదు."

"ఎవులో సెప్తారులే అనుకున్నాను."

"కొత్తవాళ్ళు ఎప్పుడు?"

"ఉన్నోలందర్నీ పంపేత్తన్నారు. ఇంక కొత్తోలెక్కడ?"

నంబరు లేని కాగితాన్ని ట్రెజరీలో ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి గురునాథరావుకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మీటింగుకు పోయిన తాసిల్దారు రాత్రికిగాని రాడు. గట్టిగా అడిగేవాడు ఎలా అడుగుతాడో, తలుపు తన్నేవాడు ఎలా తంతాడో ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. ముప్పయ్యొక్క ఫైళ్ళనూ తనే మోసుకువెళ్ళి బీరువాలో కింది అరలో పెట్టాడు. దేముడమ్మ ఫైలు అన్నిటికన్నా పైన పెట్టాడు. తాళం రహమాన్ వేశాడు.

అయిదింటికి హాల్లో అయిదుగురిని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి బంతిపూల దండలు వేశారు. ఎవరో రెండు మాటలు మాట్లాడారు. గురునాథరావును మాట్లాడమంటే లేచి, చేతులు జోడించి, మళ్ళీ కూర్చున్నాడు. అంతా అరగంటలో ముగిసింది.

దండ చేతికి చుట్టుకుని ఆయన వరండాలోకి వచ్చేసరికి వరస చెదిరిపోయింది. రేపు రావాలా, ఎల్లుండి రావాలా అని అడిగినవాళ్ళకు ఎవరో ఏదో చెప్పి పంపించేశారు. ఆవరణలో చెప్పుల దుమ్ము ఇంకా లేస్తోంది.

"దేముడమ్మ ఉందా? తనకి ఒక మాట చెప్పాలి."

"ఎల్పోయింది సార్. తడిబట్టల్తోటే," అన్నాడు రహమాన్. "మనియార్డరు ఒత్తాదని అందరికీ సెప్పుకుంటూ ఎల్పోయింది."

రహమాన్ ఇంకా ఏదో చెప్పాలన్నట్టు కుళాయి వైపు చూశాడు.

"రొంటినుంచి ఏటో తీసి అక్కడ పెట్టింది సార్. మర్సిపోయిందేమో అని కేకేసినాను. ఇన్నాది. తిరిగి సూడనేదు."

గురునాథరావు మెట్లు దిగి దగ్గరికి వెళ్ళాడు. వంగబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి ఆయన కూడా గేటు దాటి, బస్టాపు వైపు, ఎప్పటి నడకతోనే వెళ్ళిపోయాడు.

కుళాయి కింద రాతిపలక మీద, పసివాడి నడుముకు సరిపోయే నల్లటి మొలతాడు, దానికి వేలాడే చిన్న రాగి తాయెత్తు, తడిసి ఉన్నాయి.