నలభై గడపల మీటింగు

శేషన్న పెండ్లాం ఉరుకుందమ్మను పదకొండో నంబరు ఇంట్లోంచి వెళ్ళగొట్టిన నాడు కూలీల లైనంతా చూసింది. నోరు మెదిపినవాడు ఒక్కడు లేడు. మొగుడు జ్వరంతో పోయి పదహారు రోజులు, చంకలో బిడ్డ, చేతిలో చట్టి. ఏడో నంబరు హులిగమ్మ కూడా చూసింది. చూసి ఊరుకోలేదు. సొసైటీ సెక్రెటరీ గుండూరావు "ఆ రోలు కూడా బయట పెట్టండమ్మా" అంటే, పాపం ఒంటిది ఎత్తలేదని తానే పోయి ఒక చెయ్యి వేసింది. రోలు బయటపడింది, తలుపుకు తాళం పడింది. సాయం చేశాననుకుంది పిచ్చిది. ఎవరికి చేసిందో ఆ రోజు ఆలోచించలేదు.

అది యాభై ఏడో సంవత్సరం. జ్వరం మద్రాసులో ఓడ దిగి, బొంబాయి రైలెక్కి ఆదోనికి వచ్చింది. ఫ్యాక్టరీల్లో దూది ధూళి మింగి మింగి గుల్లయిన రొమ్ములు దానికి బాగా నచ్చాయి. కూలీల లైనులో దగ్గు వినబడని ఇల్లు లేదు.

ఆ ఇళ్ళు పత్తి ఫ్యాక్టరీ కూలీల కోసం సర్కారు అప్పిచ్చి కట్టించినవి. ఎదురెదురుగా ఇరవై ఇరవై, మధ్యన బండి పోయేంత బజారు, కొసన ఒక కొళాయి. పేరుకు కూలీల సహకార సంఘం. ప్రెసిడెంటు మాత్రం ఫ్యాక్టరీ యజమాని విరూపాక్షప్ప. కూలీల సంఘానికి కూలీయే ప్రెసిడెంటయితే ఆకాశం విరిగి మీద పడుతుంది కాబోలు!

ఉరుకుందమ్మ పోయిన వారానికి హులిగమ్మ మొగుడు గిడ్డయ్య పడ్డాడు. బేళ్ళు కట్టే ప్రెస్సులో పనిచేసే మనిషి, ఎద్దులాంటివాడు. మూడు రోజుల్లో అయిపోయాడు. హులిగమ్మ ఏడవలేదు. ఏడవమని ఆడవాళ్ళు భుజాలు పట్టి కుదిపారు. ఆమెకు ఏడుపు రాలేదు, ఏమీ రాలేదు. నీళ్ళు తెచ్చింది, కూతురికి సంగటి కలిపి పెట్టింది, ఇల్లు చిమ్మింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఆమె మాత్రం వాటి దగ్గర లేదు.

ఆరో రోజున గుండూరావు ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"సభ్యుడు పోయిన పదైదు దినాల్లో ఇల్లు ఖాళీ చేయాలమ్మా. నేనేం చేసేది, రూలు అట్లుంది."

"యాడికి పోవల్ల సామీ?"

"మీ ఊరు కైరుప్పలే కదా?"

"ఊరోళ్ళు దారికి కంప కొట్టినారు. ఆదోని నుంచి వచ్చినోళ్ళని రానీరు." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

పక్కింటి భీమక్క బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పత్తి మిషను ముందు నిలబడిన మనిషి, ఆ మోతలో మాట్లాడి మాట్లాడి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. "ఆయమ్మ పేరుకే రాయి సామీ ఇల్లు. అంతటితో సరిపోతాది."

గుండూరావు రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. "వారసుడు అనే చోట గిడ్డయ్య ఏం రాయించినాడో తెలుసా? ఉరుకుంద ఈరన్నస్వామి. పోయి ఆయన సంతకం తీసుకురా, రాస్తాను."

నిజమే. రెండేళ్ళ కిందట ఇళ్ళిచ్చిన రోజు గుండూరావు ఒక్కొక్కరినీ "నీ తర్వాత ఇల్లెవరికి?" అని అడిగాడు. కొత్తింట్లో కాలు పెట్టే పూట చావు మాట! పెండ్లాం పేరు చెబితే ఆమెకు ముండమోపితనం నోటితో పిలిచి పెట్టినట్టే కదా. వరసలో మొదటివాడు దండం పెట్టి "ఈరన్నసామి ఉండాడులే" అన్నాడు. వెనకాలవాళ్ళు అదే మాట. కిరస్తానీ యేసేపు "ప్రభువు సూసుకుంటాడు" అన్నాడు. గుండూరావు తల ఎత్తకుండా గుండ్రటి అక్షరాలతో అన్నీ రాసుకున్నాడు. సర్కారు కాగితం మీద దేవుళ్ళకు ఇళ్ళు రాసిచ్చిన కూలీలు ఈ దేశంలో వీళ్ళే అయి ఉంటారు.

"పేరు మార్చాలంటే సర్వసభ్య సమావేశం జరగాలి," అన్నాడు గుండూరావు. "జ్వరం కదా, సమావేశాలు నిషేధం. ఐదుగురు ఒకచోట గుమిగూడితే కేసు."

కొళాయి దగ్గర నిలబడి యేసేపు వింటున్నాడు. ఫ్యాక్టరీ బాయిలరుకు బొగ్గు వేసేవాడు, యూనియను మనిషి. దగ్గరికి వచ్చాడు.

"జ్వరం పోయేదాకా మీటింగు లేదు, సరే. ఆ జ్వరం పోయేదాకా ఇల్లు గూడ ఖాళీ చేయించగూడదు గదా?"

"దానికి రూలు లేదప్పా."

"ఇన్నూరు మంది ఒగే కొట్టంలో పత్తి ఆడిస్తే జ్వరం రాదు, బజార్లో ఐదుమంది నిలబడితే వస్తాదా?"

గుండూరావు రిజిస్టరు మూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర బిందెల వంకతో ఆడా మగా చేరారు. నలుగురు నీళ్ళు పట్టుకుంటే మిగతావాళ్ళు ఎవరి అరుగుల మీద వాళ్ళు.

"మన నోరు మనం మూసుకుంటే మన ఇల్లు మనకుంటాది," అన్నాడు తన అరుగు మీదున్న మాదన్న దగ్గుతూ. "విరూపాక్షప్పతో పెట్టుకుంటే పని గూడ పోతాది. ఆయమ్మకు నాలుగు గింజలు పోగుచేసి ఇద్దాం."

"మాదన్నా, నీ కాగితంలో వారసుడెవరు?" అని అడిగాడు యేసేపు.

మాదన్న వెనక్కి తిరిగి తన గడప వైపు చూశాడు.

"నా ఇంట్లో ప్రభువు వచ్చి కాపరం చేస్తాడా? మనం సస్తే మన ఆడోళ్ళంతా బజార్నే. ఎమ్మిగనూరు నేతోళ్ళ ఇండ్లకూ ఇదే కాగితమంట. ఈడ ఏమయితాదో సూద్దామని వాళ్ళు కాసుకోనుండారు."

"ఉద్దేశం మంచిదే యేసేపన్నా, అయితే..." అని ఒకడు, "పోలీసులొస్తే?" అని ఇంకొకడు. వాదన కొళాయి నీళ్ళలా ధార కట్టక, ఆగక, కారుతూ ఉంది.

గిడ్డయ్య పోయినాక నలుగురిలో హులిగమ్మ నోరు తెరిచింది అప్పుడే.

"ఉరుకుందమ్మ రోలు నేనే బయట పెట్టినా."

అందరూ అటు తిరిగారు. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు.

"నా రోలు ఎవరు పెడతారు? ఇప్పుడే సెప్పండి. ఎవరో తెలిస్తే మేలు."

చాలామందికి సిగ్గుతో తల వాలిపోయింది. మాదన్న దగ్గు కూడా ఆగింది. భీమక్క చెంగుతో ముక్కు తుడుచుకుని, బిందె ఠక్కున కింద పెట్టింది.

"ఏం గుమిగూడేది? ఎవరి గడపలో వాళ్ళు నిలబడితే గుమిగూడినట్టు యాడయితాది? నలభై గడపలూ ఒగదానికొగటి కనబడతాండాయి గదా!"

మర్నాడు యేసేపు సంఘం నిబంధనల పుస్తకం తెప్పించి చదివాడు. ప్రెసిడెంటు పిలవకపోతే సభ్యులే నోటీసిచ్చి సమావేశం పెట్టుకోవచ్చు. పద్నాలుగు మంది సభ్యులుంటే చాలు. ఒకే గదిలో కూర్చోవాలని ఎక్కడా లేదు. నోటీసు గుండూరావు చేతికిచ్చి ముట్టినట్టు సంతకం చేయించుకున్నాడు.

హులిగమ్మ గడువు శనివారంతో తీరింది. ఆదివారం పొద్దున తలుపులన్నీ తెరుచుకున్నాయి. గడప దాటినవాడు లేడు. లేచి నిలబడగలిగిన మగవాళ్ళు లెక్కకు పదకొండు మందే. ముగ్గురు తక్కువ. ఆడవాళ్ళు ఉన్నారు గానీ రూలు ప్రకారం వాళ్ళు సభ్యులు కారు.

అప్పుడు మాదన్న ఇంట్లోంచి మంచం కోళ్ళు బండల మీద గీరుకున్న చప్పుడైంది. రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోయే జ్వరంలో ఉన్నాడు. పెండ్లాం మంచం ఈడ్చి గడపకు అడ్డంగా పెట్టింది. "నన్ను గూడ రాసుకో!" అన్నాడు, గొంతు లేదు. ఎదుటి వరసలో ఇంకో మంచం గడపలోకి వచ్చింది. కొళాయి పక్కింట్లోంచి మూడోది.

యేసేపు తీర్మానం చదివాడు. సభ్యుడు పోతే ఇల్లు అందులో కాపురముండే పెండ్లాం బిడ్డలదే. జ్వరం పోయేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఏడో నంబరు హులిగమ్మ పేర రాయాలి. పదకొండో నంబరు తాళం తీయాలి. కొసనున్నవాళ్ళకు మాట అందకపోతే భీమక్క అరిచి అందించింది. పద్నాలుగు చేతులు లేచాయి. వాటి వెనక ఆడవాళ్ళ చేతులూ లేచాయి. రూల్లో ఆ చేతులు లేవు. అయినా లేచాయి. హులిగమ్మ కూడా ఎత్తింది. ఎవరిదో చెయ్యి ఎత్తినట్టుంది ఆమెకు.

అంతలో విరూపాక్షప్ప కారు దిగాడు. వెంట గుండూరావు, ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"నిషేధముండగా మీటింగు ఎవడు పెట్టినాడ్రా?" అన్నాడు ఎస్సై.

"బజార్లో నిలబడినోళ్ళని లెక్కబెట్టు సామీ," అంది భీమక్క. "ప్రెసిడెంటు, సెక్రెటరీ, నువ్వు, నీ ఇద్దరు పోలీసోళ్ళు. ఐదుగురు. గుమిగూడింది మీరే. మేము మా ఇండ్లల్లో ఉండాము."

ఒక గడపలో నవ్వు పుట్టింది. రెండు వరసలా పాకింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. ఎస్సై మొహం కందిపోయింది. కానిస్టేబుళ్ళు యేసేపును గడపలోంచి లాగారు. గడువు మీరి ఇల్లు వదలలేదని హులిగమ్మనూ పట్టుకున్నారు. కూతుర్ని మాదన్న పెండ్లాం చేతికిచ్చి ఆమె మాట్లాడకుండా నడిచింది.

గుండూరావు తాళం పట్టుకుని ఏడో నంబరు దగ్గరికి పోయాడు. అప్పటికే భీమక్క తన గడప దాటి వచ్చి, హులిగమ్మ గడపలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె, ఆమె వెనక ఇద్దరు. ఇళ్ళలోంచి జనం బజార్లోకి దిగారు. ఇప్పుడు నిజంగానే గుమిగూడారు. ఎస్సైకి లెక్కపెట్టే ఓపిక లేకపోయింది. గుండూరావు చేతిలో తాళం చేతిలోనే ఉండిపోయింది.

ఠాణాలో రైటరు కలం ముంచాడు. "పేరు?"

"హులిగమ్మ."

"కాపురం?"

"కూలీల లైను, ఏడో నంబరు ఇల్లు."

"అది రాయొద్దు," అన్నాడు ఎస్సై. "ఆ ఇంటి మీద దానికి హక్కు లేదు."

రైటరు తల గోక్కున్నాడు. "యాడ పట్టుకున్నామని రాయల్ల సార్? ఏడో నంబరు ఇంట్లో ఉండాదనే గదా కేసు?"

ఎస్సై టోపీ తీసి బల్ల మీద పడేశాడు. రైటరు రాసి, రూలు ప్రకారం చదివి వినిపించాడు. గిడ్డయ్య పెండ్లాం హులిగమ్మ, ఏడో నంబరు ఇంట్లో కాపురం. ఆమె పేరూ ఆ ఇంటి నంబరూ ఒకే కాగితం మీద పడడం అదే మొదలు. హులిగమ్మ గోడకు చేరగిలబడింది. పదహారు రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. వెక్కి వెక్కి, ఠాణా అంతా వినబడేలా ఏడ్చింది. యేసేపు ఆమెను ఓదార్చలేదు, ఏడవనిచ్చాడు. బయట రోడ్డు మీద జనం వస్తున్న అలికిడి, అందరికంటే పైన భీమక్క గొంతు.

రైటరు వేలిముద్రకు సిరా ముందుకు జరిపాడు.

"ఉండు సామీ," అంది హులిగమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇంగొగ మాట రాయి. ఇడిసిపెట్టినంక మళ్ళా ఆ ఇంటికే పోతాదని రాయి. రాసినంక ముద్ర ఏస్తా."